ఎమర్జెన్సీ డోరులో ఎక్కిన గుర్రాలు

కీలుగుర్రం ప్రాణమున్న జంతువా, లగేజీనా? కొత్తగా కండక్టరు ఉద్యోగంలో చేరే పిల్లలకు శిక్షణలో ఈ ప్రశ్న ఎవరూ వేయరు. వేయాలని నా కోరిక. మేకపిల్లను ఎక్కించుకోవచ్చా, రాగుల మూట ఎక్కడ పెట్టించాలి, తాగి గొడవ చేసేవాణ్ణి ఎక్కడ దించాలి, ఇవన్నీ చెబుతారు. నడుముకు గుర్రం కట్టుకున్న మనిషి నడిరోడ్డు మీద చెయ్యెత్తి బస్సు ఆపితే ఏం చేయాలో మాత్రం చెప్పరు. నాకు తెలుసు కాబట్టి, ఉద్యోగంలో ఉన్న పిల్లలూ, చేరబోయే పిల్లలూ వినండి.

నేను బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి క్యాసంబళ్ళి మీదుగా ఆంధ్రా సరిహద్దు పల్లెలకు పోయే బస్సులో చాలా ఏళ్ళు పనిచేశాను. చేరిన కొత్తలో ఆడ కండక్టరు అంటే జనానికి వింత. టికెట్ తీసుకోకుండా నన్నే చూస్తూ కూర్చునేవాళ్ళు. ఆడమనిషి విజిల్ ఊదితే బస్సు కదులుతుందా అని ఒక పెద్దమనిషి నా ఎదురుగానే అన్నాడు. కదిలింది. అంతే కాదు, ఒకసారి నా విజిల్‌కు నిలబడ్డచోటే ఆడింది కూడా. ఆ కథే ఇది.

నాతో జతగా వచ్చే డ్రైవరు గని కార్మికుల లైన్లలో పుట్టి పెరిగిన తమిళాయన. మాట తక్కువ, హారన్ ఎక్కువ. నోట్లో ఎప్పుడూ వక్కపలుకు ఉండేది. నేను నాలుగు మాటలు అంటే ఆయన ఒక 'ఊఁ' అనేవాడు. అన్నేళ్ళు కలిసి పనిచేసినా మా మధ్య గొడవ రాకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

ఆ రోజు ఆదివారం, జాతర రోజు. మా బస్సు ఆఖరి స్టాపు ఒక చిన్న పల్లె. ఊరి పేరు చెప్పను, చెబితే ఆ ఊరివాళ్ళు నా ఇంటిమీదికి వస్తారు. ఆ పల్లెలో అమ్మవారి ఉత్సవం. బస్సు నిండా పూలబుట్టలు, కొబ్బరికాయలు, కొత్త బట్టలు కట్టుకున్న పిల్లలు. ముందు సీటులో ఒక అవ్వ రెండు కోళ్ళున్న వెదురుబుట్ట పెట్టుకొని కూర్చుంది. కోళ్ళకు టికెట్ కొట్టినందుకు ఆమె నామీద అప్పటికే కోపంగా ఉంది.

కేజీఎఫ్ దాటి కొంత దూరం వచ్చాక, మామిడితోట పక్కన ఒక టెంపో ఒరిగి ఆగిపోయి కనిపించింది. దాని ముందు రోడ్డుకు అడ్డంగా రెండు గుర్రాలు. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. వాటి మీద ఒక రాజు, ఒక రాణి. రాజు కత్తి పైకెత్తి బస్సును ఆపమంటున్నాడు.

డ్రైవరన్న బ్రేకు వేశాడు. నోట్లో వక్క పక్కకు నెట్టి, "ఎన్నక్కా ఇదు?" అన్నాడు, ఏందక్కా ఇది అని. అన్నేళ్ళలో ఆయన నన్ను తనంతట తాను అడిగిన ప్రశ్న అదొక్కటే అనుకుంటాను.

కీలుగుర్రం ఆట చూడనివాళ్ళ కోసం చెబుతాను. వెదురుబద్దలతో గుర్రం ఒళ్ళు అల్లుతారు. కాగితపు గుజ్జుతో తల చేసి, రంగులు పూసి, అద్దాలు అతికిస్తారు. నడిమధ్యలో మనిషి పట్టేంత బొక్క ఉంటుంది. ఆటగాడు అందులో దూరి, దాన్ని భుజాలకు, నడుముకు కట్టుకుంటాడు. కింద చుట్టూ జరీ అంచు గుడ్డ వేలాడుతుంది కాబట్టి కాళ్ళు కనపడవు. గజ్జెల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే మనిషి గుర్రమెక్కి వస్తున్నట్టే ఉంటుంది. తలకు కిరీటం, భుజకీర్తులు, మొహానికి అర్దలం రంగు, చేతిలో కత్తి. ఇదంతా తగిలించుకొని ఆ గుర్రాన్ని గంతులు వేయించాలి, బెదిరించాలి, మొండికేయించాలి. చివరికి అమ్మవారి ముందు దాని తల వంచి మోకరిల్లేటట్టు చేయాలి. మోకరిల్లడమే ఆటలో కష్టమైన భాగం. రోగమొచ్చినవాడు వంగినట్టు కాకుండా గుర్రం వంగినట్టు వంగాలి.

రాజు వేషంలో ఉన్నాయన గనిలో పనిచేసి, గని మూతపడ్డాక బెంగుళూరులో ఒక పెద్ద బిల్డింగుకు సెక్యూరిటీగా పోతున్నాడు. వాళ్ళ తాత ఆంధ్రా పల్లె నుంచి గనిపనికి వస్తూ ఈ ఆటను వెంట తెచ్చుకున్నాడట. రాణి ఆయన మేనల్లుడు, మాలూరులో ఫ్యాక్టరీ కుర్రాడు. పట్టుచీర, వడ్డాణం, పూలజడ, అన్నీ ఉన్నాయి. దానితో పాటు మంచి దట్టమైన మీసం కూడా ఉంది. తీయమంటే తీయనని మొండికేశాడట. కొంగు నోటికడ్డం పెట్టుకొని సిగ్గుపడుతున్నట్టు నటిస్తున్నాడు.

"అక్కా, టెంపో ఆక్సిల్ ఇరిగిపోయినాది. మమ్మల్ని ఎక్కించుకో తల్లీ" అన్నాడు రాజు.

"గుర్రాలు విప్పి టాప్ మీద వెయ్యండప్పా. మీరు లోపలికి రండి" అన్నాను.

రాజు మొహం వాడిపోయింది. "విప్పకూడదు అక్కా. ఇంటికాడ దీపం ముందర కట్టు కట్టినాక అమ్మ హారతి కళ్ళజూసేదాకా ముడి విప్పకూడదు. కూర్చోనూ కూడదు. మా తాత కాలం నుంచీ ఇదే కట్టు."

"ఇంగో బస్సులో రాకూడదా?"

"ఇంగో బస్సు వచ్చేటప్పటికి అమ్మ పల్లకి ఎక్కేస్తాది. పోయినేడు నాకు డ్యూటీ మార్చే మనిషి రాలేదు. గేటు ఇడిసిపెట్టి రాలేక ఆటకు రాలేదు. ఊరి గౌడప్ప అప్పుడే చెప్పినాడు, మళ్ళా ఏడాది అమ్మ లేచేలోపల మీ గుర్రం రాకపోతే ఇంగ మీకు వరస లేదు, ఆ చోటు మ్యూజిక్ సెట్టోళ్ళకు ఇస్తామని." ఆయన గొంతు తగ్గించాడు. "మా నాయన ఆడినాడు, మా తాత ఆడినాడు. నా చేతిలో పోగొట్టుకున్నానంటే నేను బతికుండీ ఏం సుఖమక్కా?"

అంత పెద్ద కిరీటం పెట్టుకొని, కత్తి పట్టుకొని, గుర్రం మీద ఉండి ఒక మనిషి అట్లా బతిమాలుతుంటే నాకు జాలేసింది. అదే సమయంలో నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టాలో నాకు తెలియదు.

ముందు డోరులో గుర్రం తల మాత్రమే పట్టేటట్టు ఉంది. మెట్లెక్కి లోపలికి తిరగాలంటే తోక బయటే ఉండిపోతుంది. పైకెత్తి తిప్పుదామంటే తల టాపుకు తగులుతుంది. జానలతో కొలిచి చూసి ఆ ఆశ వదులుకున్నాం. అప్పుడు డ్రైవరన్న దిగి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక అద్దం కింద ఉన్న ఎమర్జెన్సీ డోరును చేత్తో తట్టాడు. నిజమే. ఆ డోరు నడుమదారికి సూటిగా ఉంటుంది. అందులో ఎక్కితే మలుపే లేదు.

ఎమర్జెన్సీ డోరు ఉన్నది ఎమర్జెన్సీకే కదా! కానీ మా బస్సు కొన్ననాటి నుంచి దాన్ని ఎవరూ తెరిచిన గుర్తు లేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. టెంపోలో ఉన్న గడ్డపార తెప్పించి రాజే స్వయంగా ఒక పోటు పొడిచాడు. గనిలో పనిచేసిన చెయ్యి కదా, ఒక్క పోటుకే తెరుచుకుంది. గుర్రాలు ఎక్కడానికి వాళ్ళు తెచ్చుకున్న పలక ఆనించారు. రాజు ముందు, రాణి వెనక. గజ్జెలు ఘల్లుఘల్లుమంటుండగా ఇద్దరూ బస్సులోకి సవారీ చేసుకుంటూ వచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాజు ముందుకు వచ్చి ఆడవాళ్ళ సీట్ల మధ్య నిలబడ్డాడు, రాణి మగవాళ్ళ మధ్య ఇరుక్కుంది.

"ఏమ్మా కండక్టరూ," అంది కోళ్ళ అవ్వ, "నా కోడికి టికెట్ కొట్టినావు. గుర్రానికి కొట్టవా?"

"అది గడ్డి తినదవ్వా."

"నా కోడి మాత్రం నీ బస్సులో ఏం తినింది?"

నేను విజిల్ రెండుసార్లు ఊదాను. ఇంతవరకు అంతా బాగానే ఉంది. మేమంతా కలిసి చేసిన తప్పు అప్పటికి ఒక్కరికీ తట్టలేదు.

క్యాసంబళ్ళిలో చెకింగ్ ఆయన ఎక్కాడు. చెకింగ్ వాళ్ళు ఎప్పుడూ ఇంతే, బస్సు ఖాళీగా, టికెట్లన్నీ సరిగ్గా ఉన్న రోజున కనపడరు. ఆయన మనిషి చెడ్డవాడు కాదు కానీ, రూలు అనే మాట వినపడితే మొహం వెలిగిపోయే రకం. ముందు డోరులో ఎక్కి తల ఎత్తగానే తెల్లగుర్రం మూతి ఆయన ముక్కుకు తగిలింది.

"ఏమిదిమ్మా?"

"కీలుగుర్రం సార్."

"ప్రాణమున్న పెద్ద జంతువులను ఎక్కించుకునేదానికి లేదు."

"ప్రాణం లేదు సార్."

"అట్లయితే లగేజీ. ఇంత పెద్ద లగేజీ టాప్ మీద వెయ్యాల."

"లోపల మనిషి ఉండాడు సార్. మనిషినీ టాప్ మీద వెయ్యాల్నా?"

ఆయన ఆలోచించాడు. రూలులో ఎక్కడా రాజు లేడు, రాణీ లేదు. వెనక నుంచి రాణి, కొంగు తీసి మీసం బయటపెట్టి, "సార్, మా ఇద్దరికీ టికెట్ ఉండాది" అని చూపించాడు. చెకింగ్ ఆయన ఆ మీసాన్ని, వడ్డాణాన్ని మార్చి మార్చి చూశాడు. ఇప్పుడైతే మా కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, మా రాణిగారు ఈ కాలంలో ఆ వేషంతో ఎక్కి ఉంటే టికెట్ కూడా తీసుకునేవాడు కాదు.

"సార్, ఇది వాళ్ళ డ్రెస్సు" అన్నాను. "మీ టోపీకి నేను టికెట్ అడుగుతానా?"

బస్సంతా నవ్వింది. ఆయన టోపీ సర్దుకున్నాడు. "కడదాకా చూస్తా ఇదేమవుతాదో" అని దిగకుండా, ఉన్న ఒక్క ఖాళీలో, అవ్వ పక్కన కూర్చున్నాడు. అవ్వ ఇదే సందని కోళ్ళబుట్ట ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టింది. "కొంచెంసేపు పట్టుకో నాయనా, నా మోకాళ్ళు నొప్పి."

దారంతా డ్రైవరన్న బస్సును పెళ్ళికూతుర్ని నడిపించినట్టు నడిపించాడు. గుంత వస్తే ముందే నెమ్మది చేసేవాడు. అయినా ఒకచోట కుదుపుకు రాణి గుర్రం తల పోయి రాజు గుర్రం తోకకు తగిలింది. "మామా, బ్రేక్ లైటు పెట్టుకో" అన్నాడు రాణి. రాజు నవ్వలేదు. కిటికీలోంచి ఎండను చూసి పొద్దు ఎంతైందో లెక్కగడుతున్నాడు.

పల్లె చేరేటప్పటికి మ్యూజిక్ సెట్టు మోత పొలాల దాకా వినిపిస్తోంది. గుడి ముందు మనిషంత ఎత్తు స్పీకర్లు పేర్చి పెట్టారు. తమటె డప్పులు వాయించేవాళ్ళు వేపచెట్టు కింద దిగాలుగా కూర్చున్నారు. గుడి మెట్ల ముందు పల్లకి సిద్ధంగా ఉంది, పూజారి హారతి తట్టలో కర్పూరం పెడుతున్నాడు. అమ్మవారు లేవడానికి ఇంక ఎంతోసేపు లేదు. డ్రైవరన్న హారన్ మీద చెయ్యి తీయకుండా జనంలోంచి బస్సును నేరుగా తీసుకుపోయి గుడికి ఎదురుగా నిలబెట్టాడు. గుడి తలుపుకు బస్సు ముందద్దం సూటిగా ఉంది.

నేను ఒక విజిల్ ఊదాను. ముందున్నవాళ్ళు కొందరు దిగారు. వెనకకు పోయి ఎమర్జెన్సీ డోరు తెరిచి, పలక ఆనించి, "దిగండప్పా బేగ" అని అరిచాను.

గుర్రాలు కదల్లేదు.

"ఏమప్పా?"

రాజు మెడ మాత్రం తిప్పి చూశాడు. అంత రంగు పూసుకున్నా మొహం తెల్లబోయింది. "అక్కా, తప్పయిపోయినాది. కట్టు కట్టిన గుర్రం వెనక్కి అడుగెయ్యకూడదు."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వాళ్ళు ఎప్పుడూ టెంపోలో వచ్చేవాళ్ళు. టెంపోలో బోలెడంత చోటు, ఎక్కాక వెనక్కి తిరిగి ముందుకు నడిచి దిగేవాళ్ళు. బస్సులోనూ అట్లే తిరుగుతాం అనుకున్నారు. సీట్ల మధ్య గుర్రం తిరగడానికి చోటెక్కడుంది? ముందు డోరులో మలుపు తిరగదు. వెనక డోరులో దిగాలంటే వెనకడుగు వేయాలి. అమ్మవారికి ఎదురుగా వచ్చి వెనకడుగు వేసిన గుర్రం ఓడిపోయిన గుర్రం. అంతకన్నా రాకపోవడమే మేలు.

ఇంత దూరం తెచ్చి, గుడి ముందు, దేవతకు పది అడుగుల దూరంలో వాళ్ళను మా బస్సులో బందీలు చేశామన్నమాట. నవ్వే ఓపిక నాకూ పోయింది.

గౌడప్ప, ఆ ఊరి పెద్ద, కిటికీలోంచి తొంగిచూశాడు. తెల్లపంచె, భుజం మీద టవలు. "ఏమప్పా, వచ్చీ దిగకుండా ఉంటివే? అమ్మ లేచే టైమయింది."

పక్కన మ్యూజిక్ సెట్టు తెప్పించిన కుర్రాళ్ళు కూడా వచ్చారు. "మేం చెప్పలేదా గౌడప్పా? బస్సులో గుర్రం పెట్టుకోని వచ్చినారు చూడు. దిగేదానికి కూడా రాదు ఈళ్ళకు."

రాజు కత్తి పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. తండ్రి, తాత ఆడిన ఆట తన కళ్ళ ముందు, గుడి తలుపు కనిపిస్తుండగానే, తన చేతిలోంచి పోతోంది. ఆయన కంటినీరు అర్దలం మీద గీత గీసుకుంటూ దిగింది. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. డ్యూటీలో కండక్టరు ఏడవకూడదు, కానీ ఏడ్చాను.

"సీట్లు విప్పేద్దాం" అన్నాడు డ్రైవరన్న, స్పానరు తీసి. చెకింగ్ ఆయన కోళ్ళబుట్టతో సహా లేచి నిలబడ్డాడు. "సంస్థ ఆస్తికి చెయ్యి పెడితే నేను ఊరుకోను!" అన్నాడు. కోళ్ళు కూడా గట్టిగా అరిచాయి.

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అప్పుడు అవ్వ, సీటులోంచి కదలకుండానే, "సుమ్నే, ఉత్తపుణ్యానికి గలాటా ఏల?" అంది. "గుర్రం దిగేదానికి అయ్యేట్టు లేదు. అయ్యోరికి కాళ్ళుండాయి కదా? హారతి తట్ట ఎత్తుకోని ఈడికే రమ్మనండి. అద్దంలో బాగా కనిపిస్తాది."

పూజారి గుడి మెట్ల మీద నుంచే విన్నాడు. "బస్సుకు హారతి ఇస్తారా యాడైనా?" అన్నాడు.

మాటలు లేని మా డ్రైవరన్న నోట్లోని వక్క ఉమ్మి వచ్చాడు. "సామీ, ప్రతి ఆయుధపూజకూ మా బస్సుకు హారతి ఇస్తారు. గుమ్మడికాయ కూడా కొడతారు" అన్నాడు.

గౌడప్ప ఒక నిమిషం పూజారిని, ఒక నిమిషం బస్సును చూశాడు. తర్వాత కడుపు పట్టుకొని నవ్వాడు. "పో అయ్యోరే పో. అమ్మ పల్లకి ఎక్కకముందే గుర్రం వచ్చిందా లేదా? వచ్చింది. మొహం చూపించిందా? చూపించింది. పో."

పూజారి హారతి తట్టతో దిగి వచ్చాడు. అయితే ఆట ఆడకుండా హారతి చూడకూడదు. ఆడాలంటే దరువు కావాలి. తమటెలోళ్ళు చెట్టు కింద లేచారు కానీ స్పీకర్ల మోతలో వాళ్ళ దెబ్బ వాళ్ళకే వినపడటం లేదు, బస్సు లోపలికి ఏం వినపడుతుంది?

నా మెడలో విజిల్ ఉంది. నాకు తెలిసిన దరువు ఒక్కటే, మీకూ తెలిసిందే. ఒకటి ఊదితే ఆగు, రెండు ఊదితే పో. రెండు ఊదాను.

రాజు ఉలిక్కిపడి నన్ను చూశాడు. నేను మళ్ళీ రెండు ఊదాను, ఇంకాస్త గట్టిగా. ఈసారి ఆయన మూతి మీద నవ్వు వచ్చింది. గజ్జెకాలు నేలకు తాకించాడు. నా రెండు విజిళ్ళకు మధ్య డ్రైవరన్న హారన్ ఒకటి కొట్టాడు. పీపీ, పాం. పీపీ, పాం. బస్సులో ఉన్నవాళ్ళు సీటు కడ్డీల మీద చేతులతో వాయించారు. తెల్లగుర్రం తల విదిలించింది. ఎర్రగుర్రం సిగ్గుపడి పక్కకు జరిగింది, జరగడానికి ఉన్నది జానెడు చోటే అయినా. గంతు వేయడానికి ముందుకూ వెనక్కూ దారి లేదు కాబట్టి ఇద్దరూ ఉన్నచోటే పైకి ఎగిరి ఆడారు. బస్సు స్ప్రింగుల మీద ఊగడం మొదలుపెట్టింది. కిటికీలు గలగలలాడాయి. బయట నుంచి చూసినవాళ్ళు తర్వాత చెప్పారు, గుర్రాలకన్నా బస్సే బాగా ఆడిందని.

తమటెలోళ్ళు మా దరువును అందుకున్నారు. స్పీకర్ల దగ్గర ఉన్న మ్యూజిక్ సెట్టు మనిషి, బస్సు ఎగరడం ఫోనులో తీసుకుందామని సెట్టు ఆపి పరుగెత్తుకొచ్చాడు. అంతే, ఊరంతా తమటెల చప్పుడు, గజ్జెల చప్పుడు, నా విజిల్, మా హారన్. నా బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాను.

పూజారి ముందద్దం ఎదుట నిలబడి హారతి ఎత్తాడు. రాజు గుర్రం ఒకసారి మొండికేసింది, ఒకసారి బెదిరింది, తర్వాత మెల్లగా తల వంచింది. ఇంజను బానెట్ పక్కన దాని ముందుకాళ్ళు మడిచినట్టు వంగి, నుదురు అద్దానికి ఆనించింది. అద్దానికి అవతల మంట, ఇవతల గుర్రం. నేను ఆ తర్వాత గుళ్ళలో, స్టేజీల మీద ఎన్నో ఆటలు చూశాను. అంత బాగా ఒక గుర్రం మోకరిల్లడం మళ్ళీ చూడలేదు.

"వరస మీదే" అన్నాడు గౌడప్ప, టవలుతో కళ్ళు తుడుచుకుంటూ. మ్యూజిక్ సెట్టు కుర్రాళ్ళు ఫోనులో వీడియో చూసుకుంటున్నారు.

హారతి చూశాక కట్టు విప్పవచ్చు. బస్సులోనే ముళ్ళు విప్పి, ఉత్త గుర్రాలను వెనక డోరులోంచి దించారు. కట్టు లేనప్పుడు అది గుర్రం కాదు, వెదురే కాబట్టి వెనక్కి పోయినా తప్పు లేదట. ఇది పూజారి తీర్పు. ఆయనకు అప్పటికి హుషారు వచ్చింది. బయట మళ్ళీ కట్టుకొని పల్లకి ముందు పొద్దువాలేదాకా ఆడారు.

చెకింగ్ ఆయన ఆఖరున దిగాడు. టోపీలో ఒక కోడి ఈక ఉంది. నేను చెప్పలేదు.

"రిపోర్టు రాస్తారా సార్?" అని అడిగాను.

"ఏమని రాసేదమ్మా? బస్సు ఆగినచోట ఆడిందని రాస్తే నన్నే ఆసుపత్రికి పంపిస్తారు" అన్నాడు. తర్వాత, ఎవరూ చూడటం లేదనుకొని, బస్సు ముందద్దానికి దణ్ణం పెట్టుకున్నాడు.

పిల్లలూ, ఉద్యోగంలో తప్పులు చేయకండని చెప్పేంత గొప్పదాన్ని కాను. చేసే తప్పును మంచిచోట చేయండి, పక్కన కోళ్ళ అవ్వలాంటి మనిషి ఉండేటట్టు చూసుకోండి. అంతే నేను చెప్పగలిగింది.

ఇప్పుడు రాజుగారు లేరు. మేనల్లుడు రాజు వేషానికి ఎదిగాడు, మీసానికి చివరికి ఒక అర్థం దొరికింది. నేను ఏటా జాతరకు పోతాను. మొన్నటి జాతరకూ పోయాను. గుడి ముందు మా రూటు బస్సు నిలబడి ఉంది, పూలదండలు వేసి, పసుపు కుంకుమ పెట్టి. గుర్రాలు టెంపోలోనే వచ్చాయి, టెంపోకు ఏ లోపమూ లేదు. అయినా దిగి, నడిచి వెళ్ళి, బస్సు వెనక డోరులో ఎక్కాయి. పూజారి, పాతాయన కొడుకు, హారతి పట్టుకొని ముందద్దం ఎదుట నిలబడ్డాడు.

పక్కన ఉత్సవ కమిటీ బ్యాడ్జి పెట్టుకున్న కుర్రాడు ఉంటే ఏమీ తెలియనట్టు అడిగాను. "ఏం నాయనా, గుర్రాలు బస్సెక్కేదేమిటి?"

"పూర్వకాలం నుంచీ వచ్చిన ఆచారమవ్వా" అన్నాడు. "మా ముత్తాతల కాలంలో కూడా ఇట్లనే బస్సు ఎక్కేవాళ్ళంట. నీకు తెలీదులే."

"అట్లనా" అన్నాను.

డ్యూటీలో ఉన్న కండక్టరు చిన్నపిల్ల, కొత్తగా చేరినట్టుంది. అందరూ తననే చూస్తుంటే బెదిరిపోయి విజిల్ ఒకటే ఊదింది. ఒకటంటే ఆగు కదా. గుర్రాలు కదల్లేదు. తమటెలు ఆగిపోయాయి. కిటికీలోంచి రాజు నన్ను చూసి, మీసం చాటున నవ్వాడు.

నేను చేతిసంచిలోంచి నా పాత విజిల్ తీశాను. రెండు ఊదాను. బస్సు ఊగింది, తమటెలు అందుకున్నాయి, జనం కేకలు వేశారు.

కమిటీ కుర్రాడు పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "అవ్వా, ఏమవ్వా నువ్వు! ఆచారం తెలీకుండా ఎవరంటే వాళ్ళు ఊదకూడదు. ఇది కండక్టరే ఊదాల."

"తప్పయింది నాయనా" అని విజిల్ సంచిలో వేసుకున్నాను.